బైబిలు సృష్టికథ: విశ్వాసి చదువు, సంశయవాది చదువు

బైబిలు గ్రంథమును తెరచినవారికి మొట్టమొదట ఎదురగునది సృష్టికథ. ఆదికాండమను తొలి పుస్తకమున అది రెండు అధ్యాయములు మాత్రమే. మెల్లగా చదివినను పావుగంట పట్టదు. ఇంత చిన్న భాగముమీద ఇరువది శతాబ్దులుగా సాగిన వాదోపవాదములు మాత్రము గ్రంథాలయములను నింపినవి. విశ్వసించువాడు దానిని దైవవాక్కని తలదాల్చును. సంశయించువాడు కట్టుకథయని త్రోసివేయును. చిత్రమేమన, ఇరువురును పెక్కుమారులు ఆ రెండు అధ్యాయములను చదువకయే తీర్పు చెప్పుచుందురు. బొమ్మల పుస్తకములచేతను, వినికిడిచేతను మనస్సున నిలిచిన కథ యొకటి; గ్రంథమున నున్న కథ యొకటి. తరువాతి అధ్యాయమున ఆదాము తిన్నది ఆపిలు పండని లోకమంతయు చెప్పుకొనును. గ్రంథమున ఆ పండు పేరే లేదు.

ఈ చర్చ తెలుగువారికి దూరమైనది కాదు. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో క్రైస్తవులును కలరు. అక్కడి తెలుగు బడులలో హిందువుల బిడ్డలు, క్రైస్తవుల బిడ్డలు ఒకే బల్లమీద కూర్చుందురు. విజ్ఞానశాస్త్ర పాఠములో బాలుడు విశ్వము వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరములనియు, భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములనియు నేర్చుకొనును. ఆదివారమునాడు గుడిలో ఆరు దినముల సృష్టిని వినును. ఈ రెంటిలో ఒకటి అబద్ధమైయుండవలెనని వానికి ఇంటనో, వీధిలోనో ఎవరో ఒకరు చెప్పుదురు. అంతట వాడు శాస్త్రమును పరీక్షకొరకు మాత్రమే వల్లించుట నేర్చుకొనును. లేదా తల్లిదండ్రులు చేయు ప్రార్థనను లోలోపల పరిహసించుట నేర్చుకొనును. రెండును నష్టములే. ఆ నష్టము నిజముగా అవసరమా యనునదే ఇచ్చట ప్రశ్న.

తెలుగువారిలో ఈ రెండు మార్గములకును పెద్దలు కలరు. వారిలో ఇరువురు ఒకే సీమకు చెందినవారగుట గమనింపదగినది. 19వ శతాబ్దమున పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవమును స్వీకరించి, తెలుగు క్రైస్తవ కీర్తనలకు పెద్దదిక్కైరి. వారి పాటలు నేటికిని తెలుగు ఆరాధనలలో పాడబడుచున్నవి. గంజాము జిల్లా ఛత్రపురమున 1902లో జన్మించిన గోపరాజు రామచంద్రరావుగారు, గోరాగా ప్రసిద్ధులైన వారు, వృక్షశాస్త్ర అధ్యాపకులై, పిదప 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రమును స్థాపించిరి. అది 1947లో విజయవాడకు తరలినది. ఒకే జిల్లా గాలి పీల్చిన ఇరువురిలో ఒకరు సృష్టికర్తను కీర్తించిరి. ఒకరు సృష్టికర్త యవసరమే లేదనిరి. ఒడిస్సాలోని తెలుగువారు ఈ ఇద్దరిని తమవారేయని చెప్పుకొనుటకు సంకోచింప నక్కరలేదు.

ఇక కథలోనికి పోవుదము. మొదటి అధ్యాయము ఒక గొప్ప క్రమముతో నడచును. తొలి దినమున వెలుగు. రెండవ దినమున పైనీటిని క్రిందినీటిని వేరుచేయు ఆకాశ విశాలము. మూడవ దినమున ఆరిన నేల, దానిపై చెట్టుచేమలు. నాలుగవ దినమున సూర్యచంద్ర నక్షత్రములు. ఐదవ దినమున జలచరములు, పక్షులు. ఆరవ దినమున భూచరములు, వాని వెనుక మనుష్యుడు. ఏడవ దినము విశ్రాంతి. దీనిని రెండు నిలువు వరుసలుగా వ్రాసి చూచినచో గుట్టు బయటపడును. మొదటి మూడు దినములు తావులను సిద్ధపరచును. తరువాతి మూడు దినములు అదే వరుసలో ఆ తావులను నింపును. వెలుగునకెదురుగా వెలుగునిచ్చు గోళములు, నీటికిని ఆకాశమునకును ఎదురుగా చేపలును పక్షులును, నేలకెదురుగా నేలమీది ప్రాణులు. ఇల్లు కట్టి పిదప గృహప్రవేశము చేసినట్లున్నది. హెబ్రీ మూలమున తొలి వాక్యము సరిగా ఏడు పదములు. మంచిదను ప్రశంస ఏడుమార్లు వచ్చును. దేవుడను పదము ఈ భాగమంతటను ముప్పదియైదుమార్లు, అనగా ఐదేండ్లు, వచ్చును. ఇది యాదృచ్ఛికమని నమ్ముట సంశయవాదికిని కష్టమే.

ఐతే ఆ క్రమముననే చిక్కులును కలవు. సూర్యుడు నాలుగవ దినమున పుట్టగా, అంతకుముందు మూడు దినముల సాయంకాలములు, ఉదయములు ఎట్లు కలిగినవి? సూర్యుడు లేక చెట్లెట్లు మొలచినవి? ఆరు దినములలో ఎనిమిది సృష్టికార్యములు కలవు. మూడవ దినమునను ఆరవ దినమునను రెండేసి. ఎనిమిది పనుల పాత పట్టికను ఆరు దినముల చట్రములో ఇమిడ్చినారని కొందరు పండితులు తలంచిరి. వారాంతపు విశ్రాంతిదినమును పాటించు యూదుల జీవనక్రమమును సృష్టికే ఆదర్శముగా చూపుటకై ఈ చట్రము ఏర్పడినదని వారి భావము. మరియొక విశేషము, శాకాహారులకు ప్రీతికరమైనది, తరచుగా ఎవరి కంటను పడదు. మొదటి అధ్యాయమున మనుష్యులకును జంతువులకును ఆహారముగా చెప్పబడినవి ఆకులు, గింజలు, పండ్లు మాత్రమే. మాంసమునకు అనుమతి జలప్రళయానంతరము తొమ్మిదవ అధ్యాయమున గాని రాదు.

రెండవ అధ్యాయమున నాలుగవ వచనము నడుమనుండి గాలి మారును. ఇచ్చట దినముల లెక్క లేదు. భూమి ఎండియున్నది, వాన లేదు, దున్నుటకు మనుష్యుడు లేడు గనుక మొక్కయు లేదు. అపుడు దేవుడు కుమ్మరివలె మట్టినుండి మనుష్యుని చేసి, ఊపిరి నూది, తోట నాటి, అందు వాని నుంచును. పిదప వానికి తోడుగా జంతువులను చేసి చూపును. ఏదియు సాటి రాకపోగా వాని ప్రక్కనుండి స్త్రీని నిర్మించును. మొదటి అధ్యాయమున వరుస చెట్లు, జంతువులు, అటుపిమ్మట స్త్రీపురుషులు ఒక్కసారిగా. రెండవ దానిలో వరుస పురుషుడు, చెట్లు, జంతువులు, అటుపిమ్మట స్త్రీ. మొదటి దానిలో దేవుడు రాజువలె పలుకగానే పని జరుగును. రెండవ దానిలో దేవుడు చేతులకు మట్టి యంటించుకొనును.

ఈ మార్పును కనిపెట్టుటకు హెబ్రీ భాష రానక్కరలేదు. తెలుగు బైబిలును ముందుంచుకొన్నను చాలును. మొదటి అధ్యాయమంతటను "దేవుడు" అను మాటయే కలదు. రెండవ అధ్యాయపు నాలుగవ వచనమునుండి అది "దేవుడైన యెహోవా" యగును. అనువాదకులు మూలమునకు విధేయులై ఆ అతుకును దాచక నిలిపిరి. ఇంకొక చోట వారు ఒక చమత్కారమునే సాధించిరి. హెబ్రీలో పురుషునకు "ఈష్", స్త్రీకి "ఈష్షా" అను జంటపదములతో కథకుడు శ్లేష చేయును. తెలుగు అనువాదమున అది "నరుడు – నారి" యైనది. ఇంత చక్కగా ఒదిగిన శ్లేష పెక్కు భాషలకు దొరకలేదు. కాని "ఆదామ్" అనగా మనుష్యుడు, "అదామా" అనగా నేల యను మరియొక శ్లేష తెలుగున జారిపోయినది. మనుష్యుడు మట్టినుండి వచ్చెననుటలోని ధ్వని మూలమున పేరులోనే కలదు. అట్లే "ప్రక్కటెముక" అని మనము చదువు చోట మూలపదమునకు ప్రక్క, పార్శ్వము అనియు అర్థము కలదు. నిర్గమకాండమున మందసపు ప్రక్కలకును అదే పదము వాడబడినది. "విశాలము" అని చదువు చోట మూలపదము లోహమును రేకుగా సాగగొట్టుటను తెలుపు ధాతువునుండి పుట్టినది. ఆకాశము పైనీటిని ఆపు గట్టి కప్పు అని ఆనాటివారి భావన. అనువాదమున ఆ కప్పు మెత్తబడి, ఆధునికునకు ఇబ్బంది కలిగింపని శూన్యప్రదేశమైనది. అనువాదము కూడ ఒక వ్యాఖ్యానమే గదా.

తెలుగున ఈ అనువాదయత్నము మొదలైనది ఆంధ్రదేశపు నడిబొడ్డున గాదు, చెన్నపట్టణమున. తమిళనాటి తెలుగువారు గుర్తుంచుకొనదగిన సంగతి యిది. జర్మను లూథరను మిషనరీ బెంజమిన్ షుల్జు 1726లో చెన్నపట్టణము చేరి తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలును తెలిగించెను. అది అచ్చు కానే లేదు. అతడు స్వదేశమునకు మరలిన పిమ్మట జర్మనీలోని హాలె పట్టణమున 1746–47లో అచ్చైన చిన్న మతగ్రంథములే తెలుగు అచ్చుపుస్తకములలో తొలివి. పిదప 1805లో విశాఖపట్టణము చేరిన క్రాన్, డెస్ గ్రాంజస్ అను లండను మిషనరీలు ఆనందరాయరు సాయముతో పని సాగించిరి. వారి సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చు పడెను. అప్పటికి ఆ యిరువురు మిషనరీలును జీవించి లేరు.

సృష్టికథలోని చిక్కులను డార్విన్ తరువాతి నాస్తికులు కనిపెట్టిరని సామాన్యముగా నమ్మకము. అది పొరపాటు. రెండవ శతాబ్దమున సెల్సుస్ అను గ్రీకు తత్త్వవేత్త క్రైస్తవ మతమును ఖండించుచు, సూర్యుడే లేనపుడు దినములెట్లు లెక్కించిరని ఎద్దేవా చేసెను. మూడవ శతాబ్దమున అతనికి సమాధానముగా పెద్ద గ్రంథము వ్రాసిన ఓరిగెన్ పరమ విశ్వాసి. ఐనను సూర్యచంద్రులు లేని మొదటి మూడు దినములను అక్షరార్థమున తీసికొనువాడు వివేకియా యని ఓరిగెనే వేరొక గ్రంథమున ప్రశ్నించెను. అనగా విరోధియు విశ్వాసియు ఒకే ప్రశ్న నడిగిరి. ఒకడు దానిని కొట్టివేయుటకు కారణముగా గైకొనెను. మరియొకడు లోతుగా చదువుటకు కారణముగా గైకొనెను.

ఐదవ శతాబ్దారంభమున ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను ఆదికాండముమీద సుమారు పదునైదేండ్లు శ్రమపడి ఒక వ్యాఖ్య వ్రాసెను. దాని పేరులో అక్షరార్థమని కలదు. కాని అతని నిర్ణయము దేవుడు సమస్తమును ఒక్క క్షణముననే సృజించెననియు, ఆ దినములు మనము లెక్కించు సూర్యదినములు గావనియు. అదే గ్రంథమున అతడు తోటి విశ్వాసులకు చేసిన హెచ్చరిక నేటికిని పనికివచ్చును. భూమ్యాకాశముల గతిని గూర్చి అన్యులు లెక్కలతో, అనుభవముతో ఎరిగిన విషయములందు క్రైస్తవుడు గ్రంథము పేర తెలివితక్కువ మాటలాడి నగుబాటు పొందుట గొప్ప అనర్థమని అతని భావము. తెలిసిన విషయములలో తప్పు చెప్పు గ్రంథమును తెలియని మోక్షవిషయమున వారెట్లు నమ్ముదురని అతని బాధ. పదునొకండవ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీయు, తొలి వాక్యము సృష్టిక్రమమును నేర్పుటకు వ్రాయబడినది గాదని స్పష్టముగా చెప్పెను.

మరి అక్షరార్థపు పట్టుదల ఎచ్చటనుండి వచ్చినది? అందుకు కొంతవరకు కారణము అచ్చుయంత్రపు కాలమున పెరిగిన లెక్కల మోజు. ఐర్లాండు ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 1650లో వంశావళులను, రాజుల కాలములను కూడి, సృష్టి క్రీ.పూ. 4004 అక్టోబరు 23వ తేదీ ఆదివారమునకు ముందటి సాయంకాలమున జరిగెనని తేల్చెను. అతడు గొప్ప పండితుడు. తన కాలపు సాధనములతో శ్రద్ధగా చేసిన పని యది. నవ్వదగినది అతడు గాదు. 1701 నుండి ఆ సంవత్సరము ఆంగ్ల బైబిళ్ల అంచులలో అచ్చుపడుటచేత, అంచున నున్న అంకెయు లోపలి వాక్యమంత పవిత్రమైనదని జనులు భ్రమించిరి. అంచును మూలముగా భావించుట ఏ మతమునకైనను ప్రమాదమే.

రెండు కథల సంగతి బయటపెట్టినవాడు కూడ నాస్తికుడు గాడు. పదునైదవ లూయి వైద్యులలో ఒకడైన ఝాఁ ఆస్ట్రుక్ 1753లో తన పేరు లేకుండ ఒక పుస్తకమును అచ్చువేయించెను. దైవనామములు మారుటను బట్టి మోషే తనకు పూర్వమున్న వేర్వేరు వ్రాతలను కూర్చెనని అతడు వాదించెను. అతని ఉద్దేశము మోషే కర్తృత్వమును శంకించినవారి నోరు మూయించుట! వైద్యుడు మందుగా నిచ్చినది కత్తిగా మారినది. ఆ త్రోవను పోయిన జర్మను పండితుడు వెల్‌హౌసెన్ 1878లో ఆ మూలముల కాలక్రమమును స్థాపించెను. అతని ప్రకారము రెండవ అధ్యాయపు కథయే పాతది; మొదటి అధ్యాయము యూదులు బబులోను చెరకు పోయిన కాలమునకో, తరువాతి కాలమునకో చెందిన యాజకుల రచన. అతని విభజన వివరములను తరువాతివారు చాల సవరించిరి; రెండు కథలు వేర్వేరు చేతులవను మాట మాత్రము విద్వాంసులలో నిలిచినది. వెల్‌హౌసెన్ 1882లో గ్రైఫ్స్‌వాల్డు విశ్వవిద్యాలయమున మతశాస్త్ర ఆచార్యపదవిని తానై వదలుకొనెను. తన బోధన విద్యార్థులను చర్చి ఉద్యోగమునకు తగనివారిని చేయుచున్నదని అతని మనస్సాక్షి చెప్పుటయే కారణము. జీతమును వదలుకొని సత్యమును పలుకు సంశయవాదికి ఏ విశ్వాసియైనను నమస్కరింపవచ్చును.

ఇంతలో భూమిలోనుండి క్రొత్త సాక్ష్యము వచ్చినది. నినెవె శిథిలములలో అష్షూరు రాజైన అషుర్‌బనిపాల్ గ్రంథాలయపు మట్టిపలకలు దొరకెను. వానిని చదివిన బ్రిటిషు మ్యూజియము ఉద్యోగి జార్జి స్మిత్ 1876లో బబులోను సృష్టికథను ప్రకటించెను. "ఎనూమా ఎలిష్" అను ఆ కావ్యము ఏడు పలకలు. ఆదియందు మంచినీరు, ఉప్పునీరు కలిసియుండును. ఉప్పునీటి దేవత తియామతుతో మర్దూకు దేవుడు యుద్ధము చేసి, ఆమె కళేబరమును ఎండుచేపను చీల్చినట్లు చీల్చి, ఒక సగమును ఆకాశముగా కప్పును. ఓడిన దేవతలలో ఒకని రక్తమునుండి మనుష్యులు పుట్టుదురు. దేవతల చాకిరి చేయుటయే వారి పని. బబులోనులో నూతన సంవత్సరోత్సవమున ఈ కావ్యము పఠింపబడెడిది. క్రీ.పూ. 586 ప్రాంతమున యెరూషలేము కూలి చెరపట్టబడిన యూదులు కొనిపోబడినది ఆ దేశమునకే.

1902లో ఫ్రీడ్రిఖ్ డెలిట్ష్ అను పండితుడు బెర్లినులో చక్రవర్తి సమక్షమున ఉపన్యసించి, బైబిలు బబులోనుకు ఋణపడియున్నదని చూపగా జర్మనీ దేశమంతయు అట్టుడికినది. సంశయవాదులు "ఎరువు" అనిరి. విశ్వాసులు మొదట కంగారుపడి, పిదప "జవాబు" అనిరి. అగాధజలమునకు హెబ్రీలో నున్న "తెహోమ్" అను పదము "తియామతు" అను పేరునకు చుట్టము. ఐతే అది ఆ దేవత పేరునుండి నేరుగా పుట్టలేదనియు, రెండును ఒకే పాత పదపు బిడ్డలనియు భాషావేత్తల నిర్ణయము. పోలికలను అతిగా లాగరాదని బబులోను సాహిత్యమున పేరొందిన లాంబర్టు 1965లో హెచ్చరించెను. ఏమైనను రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చదివినవానికి ఆదికాండపు మౌనములు వినిపించును. అందు యుద్ధము లేదు. అగాధజలము శత్రువు గాదు. నాలుగవ దినమున సూర్యుని, చంద్రుని వారి పేర్లతో పిలువక, పెద్ద వెలుగు, చిన్న వెలుగు అని మాత్రమే చెప్పును. ఏలయన సూర్యునకు హెబ్రీలో నున్న పేరు ఇరుగుపొరుగు జాతులు పూజించు సూర్యదేవుని పేరు వంటిదే. చెరలో నున్న జాతి తమను గెలిచినవారి దేవతలను వ్రేలాడదీసిన దీపములుగా మార్చినది. సూర్యుడు వెలుగు తరువాత పుట్టుట శాస్త్రమున తప్పు కావచ్చును. ఈ వెలుతురులో చూచిన అది బుద్ధిపూర్వకముగా చెప్పిన మాట.

ఆధునికయుగపు పోరాటమును గూర్చి అందరికిని తెలిసినదే గనుక విస్తరింప నక్కరలేదు. డార్విన్ గ్రంథము 1859లో వెలువడినది. 1925లో అమెరికాలోని టెనిసీ రాష్ట్రమున డేటన్ ఊర పరిణామవాదమును బోధించిన స్కోప్స్ అను ఉపాధ్యాయునిపై విచారణ జరిగి నూరు డాలర్ల జరిమానా పడెను. 1927లో సాంకేతిక కారణమున ఆ తీర్పు కొట్టివేయబడినది. ఆ శాసనము 1967లో రద్దైనది. ఆ విచారణలో ఒక ముచ్చట మాత్రము చెప్పదగినది. బైబిలు పక్షమున నిలిచిన బ్రయన్ను సంశయవాదియైన న్యాయవాది డారో ప్రశ్నించినపుడు, ఆ ఆరు దినములు ఇరువదినాలుగు గంటల దినములే కానక్కరలేదని బ్రయనే ఒప్పుకొనెను. భూమి కొలది వేల యేండ్లదే యను వాదము అమెరికాలో బలముగా వ్యాపించినది 1961లో విట్‌కోంబ్, మారిస్ అనువారు జలప్రళయముపై వ్రాసిన గ్రంథము వెలువడిన పిమ్మట. పాత విశ్వాసమని తలచునది కొన్నిచోట్ల తాతల విశ్వాసము గాదు, తండ్రుల విశ్వాసము.

దీనికి మారుగా బెల్జియము దేశపు లెమెత్రును తలచుకొనవచ్చును. అతడు కథోలిక గురువు, గణితవేత్త. విశ్వము విస్తరించుచున్నదని 1927లోను, అది ఒక ఆదిమ పరమాణువునుండి బయలుదేరినదని 1931లోను ప్రతిపాదించెను. 1951లో పన్నెండవ పయస్ పోపు ఈ సిద్ధాంతము సృష్టిని సమర్థించుచున్నట్లు ప్రసంగింపగా అందరికంటె నొచ్చుకొన్నది లెమెత్రే. తన సిద్ధాంతము మతవిషయమునకు వెలుపలిదనియు, భౌతికవాదియు విశ్వాసియు దానిని సమముగా గైకొనవచ్చుననియు అతని మతము. శాస్త్రము తన విశ్వాసమునకు సాక్షిగా వచ్చుచుండగా వలదన్న విశ్వాసి లోకమున అరుదు.

అట్లయిన విశ్వాసికిని సంశయవాదికిని భేదమే లేదా? కలదు, అది దినముల లెక్కయందు గాదు. లోకము మంచిదని ఏడుమార్లు చెప్పిన మాట నిజమా? మనుష్యుడు దేవుని పోలికయందు చేయబడెననుట నిజమా? శిలాజములు ఈ ప్రశ్నలకు అవుననవు, కాదనవు.

ఈ రెండవ ప్రశ్న తెలుగునాట పుస్తకములకు పరిమితము కాలేదు. 1876–78 కరవు వెనువెంట ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలు. వర్ణములు విరాట్పురుషుని వేర్వేరు అంగములనుండి పుట్టెనను మాటలో తమకు చోటే లేనివారికి, స్త్రీపురుషులందరు ఒకే మట్టి, ఒకే పోలిక యను కథ ఎట్లు వినిపించియుండునో ఊహించుట కష్టము గాదు. కరవునాటి గంజియే వారిని రప్పించెనని చెప్పువారు కలరు. గంజికి పాత్ర యున్నది నిజమే కాని, గంజి కరిగిన పిమ్మటను నిలిచిన కుటుంబముల సంగతి ఆ మాటతో తెమలదు.

సంశయవాది ఇచ్చట ఊరకుండడు, ఊరకుండరాదు. అదే పుస్తకపు తొమ్మిదవ అధ్యాయములోని శాపమును చూపి అమెరికాలో బానిసల యజమానులు తమ పనిని సమర్థించుకొనిరి గదా యనును. ఒకే మట్టియని చదివిన గుడులలో కులము వారీగా బల్లలు ఏల వేసిరనును. గుఱ్ఱము జాషువగారు క్రైస్తవ కుటుంబమున పుట్టియు ఉభయపక్షముల చేతను గాయపడిరని జ్ఞాపకము చేయును. లోకము మంచిదైన పసిబిడ్డల రోగములకు అర్థమేమనును. ఇవి బరువైన ప్రశ్నలు. సూర్యుడు నాలుగవ దినమున ఏల పుట్టెనను ప్రశ్నకంటె వందరెట్లు బరువైనవి. విశ్వాసి వీనికి తడబడక జవాబు చెప్పినచో అతడు ప్రశ్నను వినలేదనుటయే న్యాయము.

ఈ దేశమున సంశయమును గ్రంథము లోపలనే ఉంచు అలవాటు ప్రాచీనమైనది. ఋగ్వేదము పదవ మండలములోని నాసదీయ సూక్తము సృష్టి ఎట్లు కలిగెనో, పైనుండి చూచువానికి తెలియునో తెలియదో యను సందేహముతో ముగియును. దానిని వేదమునుండి తీసివేయవలెనని ఎవరును అనలేదు. పురాణములలో సృష్టిక్రమములు ఒకదానితో ఒకటి పొసగకున్నను శ్రోతలు కలత చెందలేదు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారు సూతపురాణమున ఆ పురాణములనే నిలదీసిరి. ఆ గ్రంథమును భక్తులును చదివి వాదించిరి. ఇట్టి సంస్కారము గల తెలుగువారికి ఆదికాండమున రెండు కథలు ప్రక్కప్రక్కన నుండుట వింతగా తోపరాదు. వానిని కూర్చిన ప్రాచీన సంపాదకునికి రెంటి భేదము కనబడలేదనుట కంటె, కనబడియు రెంటిని ఉంచెననుట సమంజసము.

తెలుగు బడిలో ఈ ప్రశ్న తలెత్తినపుడు ఉపాధ్యాయుడు ఏ పక్షమును వహింపక చేయదగిన పని యొకటి కలదు. నల్లబల్లను నడుమ గీతతో రెండు భాగములు చేయవలెను. ఒక బాలునిచేత మొదటి అధ్యాయమును, ఒక బాలికచేత రెండవ అధ్యాయమును పైకి చదివించి, ఏది ముందు, ఏది వెనుక అను వరుసను పిల్లలచేతనే ఇరుప్రక్కల వ్రాయింపవలెను. క్రైస్తవుల బిడ్డకు తన గ్రంథము అవమానింపబడలేదు. ఇతరుల బిడ్డకు పరగ్రంథము రుద్దబడలేదు. అరగంట చాలును. "దేవుడు" అను మాట "దేవుడైన యెహోవా" యైన చోటును వెనుక బల్లలోని పిల్లవాడైనను పట్టుకొనును. అది ఏల మారెనని అడుగును. ఆ ప్రశ్న ఆస్ట్రుక్ వైద్యుడు 1753లో అడిగినదేయని వానికి అప్పుడు చెప్పవచ్చును.